నిన్నెవరు కొన్నారు

అగ్రికో, జంషెడ్‌పూర్
9 జనవరి 1989

పైడితల్లికి మామ్మ ఆశీస్సులు.

నేను బర్మా నుంచి నడిచి రాలేదు. ఓడలో వచ్చాను. డెక్కు మీద, ఎవరిదో కోళ్లగంప పక్కన కూర్చుని, విశాఖపట్నం రేవు కనిపించేదాకా వాంతులు చేసుకుంటూ వచ్చాను. నడిచి వచ్చింది మీ తాతయ్య. రంగూన్ మీద యుద్ధపు బాంబులు పడుతున్న రోజులు, ఆయనకు ఓడలో చోటు దొరకలేదు. నువ్వేమో మీ శిక్షణ తరగతిలో అంతమంది చదువుకున్నవాళ్ల ముందు నిలబడి, మా మామ్మ కొండలూ అడవులూ దాటి నడిచొచ్చిన శరణార్థి అని చెప్పావు. విన్నవాళ్లలో ఇద్దరు కళ్లు తుడుచుకున్నారని నాకు సంబరంగా రాశావు. ఆ ఇద్దరినీ పిలిచి సంగతి ఇదీ అని చెప్పు. పరాయివాళ్ల కన్నీళ్లు ఉత్తపుణ్యానికి నాకెందుకు?

మీ తాతయ్య ఆ నడక గురించి బతికున్నన్నాళ్లూ ఒక్కటే మాట చెప్పాడు. ముందు జోళ్లు పోయాయి, తర్వాత మనుషులు పోయారు అని. అంతకు మించి అడిగితే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. నీ ఎదుట కూర్చుని ఉంటే సహకరించలేదని రాసుకునేదానివేమో.

మొన్న మొన్న నేర్చుకున్నది అప్పుడే నేర్పుతున్నావట. ప్రాణభయంతో దేశం విడిచి వచ్చిన కుర్రాళ్లతో ఎలా మాట్లాడాలో లాయర్లకూ నర్సులకూ పంతుళ్లకూ నువ్వు పాఠం చెప్పడం నాకు గర్వంగానే ఉంది, కాదనను. కానీ నేనూ ఇక్కడి తెలుగు బడిలో ఒక తరాన్ని కొట్టీ తిట్టీ చదివించినదాన్ని. భయపడ్డ పిల్లాడు నిజం చెప్పడు, అబద్ధమూ చెప్పడు. నీ మొహం చూసి, నీకేది కావాలో అది చెబుతాడు. ఈ సంగతి మీ పుస్తకంలో ఉందా?

మీ నాన్నను ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ చేస్తారని వదంతి. అది నిజమయ్యేలోపే ఇత్తడి నేమ్‌ప్లేటు చేయించాడు, టి. రాజు అని. రోజూ డ్యూటీకి వెళ్లేముందు దాన్ని గుడ్డతో రుద్దుతున్నాడు. దేవుడి ఇత్తడి దీపం మాత్రం నల్లగానే ఉంది.

చలికి చెవులు కప్పుకో.

మీ మామ్మ,
సరస్వతమ్మ


న్యూఢిల్లీ
20 జనవరి 1989

మామ్మకు నమస్కారాలు.

ఓడ సంగతి నా తప్పే. చిన్నప్పుడు విన్నదంతా కలిసిపోయి, మీరే నడిచినట్టు మనసులో ఉండిపోయింది. ఈసారి తరగతిలో సరిదిద్దుతాను.

కానీ మా శిక్షణను మీరు అపార్థం చేసుకున్నారు. మేం నేర్పేది కుర్రాళ్లను పట్టుకోవడం కాదు, వాళ్లను భయపెట్టకుండా ఉండడం. కుర్చీ ఎదురుగా వేయకూడదు, పక్కన వేయాలి. ముందు టీ ఇవ్వాలి. గొంతు పెంచకూడదు. ముఖ్యమైన ప్రశ్నను మాత్రం రెండు వేరువేరు రోజుల్లో అడగాలి. జరిగినది చెప్పేవాడు రెండుసార్లూ ఒకేలా చెబుతాడు, అల్లినవాడు తడబడతాడు.

దీనికి నా దగ్గర మంచి ఉదాహరణ ఉంది. మీకు నచ్చుతుందని రాస్తున్నాను. ఆశ్రయం అడుగుతూ మా ఆఫీసుకు బర్మా నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. మాండలేలో కాలేజీ చదువు. నిరుడు అక్కడ సైన్యం విద్యార్థుల మీద కాల్పులు జరిపాక, కొండలు దాటి మణిపూర్‌లోకి, అక్కడి నుంచి ఢిల్లీకి చేరాడు. తమాషా ఏమిటంటే అతను తెలుగువాడు. పేరు తవిటయ్య. తాతలు మన విశాఖపట్నం వైపు నుంచే వెళ్లారట. మాట్లాడితే అచ్చం మనింటికి వచ్చే గోవింద్‌పూర్ జోగమ్మగారు మాట్లాడినట్టే ఉంటుంది. భాష కోసం నన్నే కూర్చోబెట్టారు.

మొదటి రోజు తల్లి పేరు నూకాలమ్మ అన్నాడు. రెండో రోజు పోలమ్మ అన్నాడు. అమ్మ ఉండేది ఒకరోజు తన ఇంట్లోనట, మరోరోజు ఎదురింట్లోనట. ఇందులో ఏది నిజమని మెల్లగానే అడిగాను. తల దించుకుని "రెండూనండి" అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే. మన భాష మాట్లాడాడని కరిగిపోకూడదని, నిజానికి కాస్త గట్టిగానే ఉన్నాను. మాట నిలకడగా లేదని రాశాను. పేరు చెప్పకుండా తరగతిలో ఇదే చెబుతుంటే అందరూ శ్రద్ధగా రాసుకుంటున్నారు.

అతని విషయం ఇంకా తేలలేదు. ఆశ్రయం ఇచ్చినట్టు కాగితం వస్తే ఇక్కడే ఉండి చదువుకోవచ్చు. రాకపోతే, పోలీసులు పట్టుకున్న రోజున మళ్లీ సరిహద్దు దాకా తీసుకెళ్లి వదిలేస్తారేమోనని అతని భయం. అవతల అతని పేరు సైన్యం దగ్గర ఉందంటాడు.

నేను రాయిదాన్నని అనుకోకండి. కొండల్లో నడిచి అతని కాన్వాసు జోళ్ల అట్టలు ఊడిపోతే, మా ఆఫీసు బయట చెప్పులు కుట్టే అతనికి ఇప్పించాను. ఈ చలిలో రబ్బరు చెప్పులతో తిరుగుతున్నాడని నా మఫ్లరు కూడా ఇచ్చాను.

మీ పైడి


అగ్రికో
28 జనవరి 1989

పైడితల్లీ,

ఆశీస్సులు చివర్లో చూద్దాం.

"రెండూనండి" అన్నాడు కదా. అదే నిజం. నువ్వడిగిన ప్రశ్నకు ఆ కుర్రాడి దగ్గర ఉన్న ఒకే ఒక్క జవాబు అది. అది చెప్పినందుకు నువ్వు అతన్ని అబద్ధాలకోరును చేసి, లాయర్లకు చూపించి, రాసుకోమన్నావు.

మన వైపు వరసగా పిల్లలు పోయిన తల్లి, తర్వాత పుట్టిన బిడ్డను అమ్మేస్తుంది. ఎదురింటావిడో పక్కింటావిడో చాటలో శేరు తవుడు తెచ్చి, గుమ్మంలో కూర్చుని బిడ్డను కొంటుంది. తవుడు గేదెలు తినేది. బిడ్డ విలువ అంతే అనిపిస్తే, పిల్లల్ని తీసుకుపోయేదేదో ఈ బిడ్డను వదిలేస్తుందని ఆశ. కొన్నావిడ బిడ్డను మళ్లీ కన్నతల్లి ఒళ్లోనే పెట్టి, మా పిల్లాడికి పాలిచ్చి పెంచు అంటుంది. బిడ్డ ఎక్కడికీ పోడు. అదే ఇల్లు, అదే పాలు. కానీ ఆ రోజు నుంచి కొన్నావిడే అమ్మ. ఆ పిల్లాడు తవిటయ్య, ఆడపిల్లయితే తవిటమ్మ. ఈ కుర్రాడి సంగతి అతని పేరులోనే ఉంది. రెండు రోజులు ఎదురుగా కూర్చోబెట్టుకుని, సారీ, పక్కన కూర్చోబెట్టుకుని, నీకది కనపడలేదు.

నాకెలా తెలుసని అడుగుతావేమో. నేనూ అమ్మాను. రంగూన్‌లో ఒకణ్ణీ, ఇక్కడికి వచ్చిన ఏడాది ఒకదాన్నీ మట్టిలో పెట్టాక, మీ నాన్న పుట్టాడు. పురుడు వెళ్లగానే జోగమ్మకు అమ్మేశాను. అప్పుడు ఈ ఊళ్లోనే, సీతారాండేరాలో మావి ఎదురెదురు ఇళ్లు. మీ నాన్న పేరు తవిటిరాజు. నేమ్‌ప్లేటు మీద 'టి' అంటే తిరుపతి అని నీకు చెప్పాడు, నువ్వు నమ్మావు. జోగమ్మ వస్తే మీ నాన్న 'అమ్మా' అనడం నువ్వు వినే పెరిగావు, పెద్దావిడ కదా అనుకుని ఉంటావు. తన పెళ్లిదాకా నన్ను 'అక్కా' అనే పిలిచాడు. పెళ్లికి ముందు తవుడు తిరిగిచ్చి విడిపించుకున్నాను. నువ్వు పుట్టేనాటికి నేను అమ్మనైపోయాను కాబట్టి నీకు తెలియలేదు. ఎమ్మే చదువులో ఇది చెప్పరు కాబోలు.

ఇప్పుడు వెళ్లు. కుర్చీ ఎలాగైనా వేసుకో, టీ ఇచ్చినా ఇవ్వకపోయినా ఫరవాలేదు. మీ అమ్మ ఎవరని అడక్కు. నిన్నెవరు కొన్నారని అడుగు. అడిగి అతని మొహం చూడు.

ముందు మీ పాఠంలోంచి అతన్ని తీసెయ్యి. ఆశీస్సులు ఆ పని అయ్యాక.

సరస్వతమ్మ


న్యూఢిల్లీ
11 ఫిబ్రవరి 1989

మామ్మకు,

అడిగాను. మీరు చెప్పిన మాటే అడిగాను.

ఇన్ని రోజుల్లో మొదటిసారి తలెత్తి చూశాడు. "పోలమ్మండి. ఎదురింటి పోలమ్మ. శేరు తవుడిచ్చి కొన్నాది" అన్నాడు. నవ్వాడు కూడా. కాసేపు నన్నే చూసి, "అక్కా, నువ్వు మనోళ్ల పిల్లవే కదా. నీకు తెలీదేటి?" అన్నాడు.

తెలుసు అన్నాను. తర్వాత, మర్చిపోయాను అన్నాను. మామ్మా, ఒక్క ప్రశ్నకు ఒకే చోట కూర్చుని రెండు జవాబులు చెప్పాను. అతను రాసుకోలేదు.

ఆ వెంటనే మా డైరెక్టర్ మేడమ్ దగ్గరికి పరిగెత్తాను. తొందరలో, ఇతన్ని పసితనంలో అమ్మేశారు మేడమ్, అందుకే ఇద్దరు తల్లులు అని చెప్పాను. ఇంగ్లీషులో ఆ మాట ఎంత ఘోరంగా వినపడుతుందో నోట్లోంచి వచ్చాక తెలిసింది. ఎంత విడమరిచి చెప్పినా ఆవిడ అక్కడే ఆగిపోయారు. ముందు ఒక తల్లి, తర్వాత ఇంకో తల్లి, ఇప్పుడు అమ్మకం; ఇది మూడో కథ అవుతోంది పైడీ అన్నారు. చివరికి, ఇలాంటి ఆచారం ఉందని, దాన్ని పాటించినవాళ్లెవరైనా కోర్టు కాగితం మీద ప్రమాణం చేసి పంపితే మళ్లీ విచారిస్తామన్నారు.

నాన్న ఇస్తే అన్నిటికంటే బాగుంటుంది. అంత పెద్ద కంపెనీలో ఉద్యోగి, ఆయనే అలా అమ్ముడుపోయిన బిడ్డ. నాన్నకు అప్పుడే విడిగా రాశాను. మీరు చెప్పింది నాకు సరిగా అర్థమైందో లేదోనని, నువ్వు మామ్మ కన్నబిడ్డవా, జోగమ్మగారి కన్నబిడ్డవా అని కూడా అడిగాను. ఇంకా జవాబు లేదు.

మార్చి మొదటి వారంలో మళ్లీ విచారణ. ఒక మంచి వార్త ఏమిటంటే, ఈసారి కూర్చునే లాయరమ్మ మా తరగతిలో శిక్షణ తీసుకున్నవారే. చాలా మర్యాదస్తురాలు. ఆవిడకు అర్థమవుతుంది.

పాఠంలోంచి అతన్ని తీసేశాను. పోయిన తరగతివాళ్లు రాసుకున్నది మాత్రం తీయలేను కదా.

మీ పైడి


అగ్రికో
20 ఫిబ్రవరి 1989

పైడితల్లికి,

కన్నదాన్ని నేను. కొన్నది ఆవిడ. ఇందులో నీకు అర్థం కానిదేమిటో నాకు అర్థం కాలేదు. ఆ ఉత్తరం మీ నాన్న ఇడ్లీలు తింటూ చదివాడు. మిగిలిన ఇడ్లీలు కాకులు తిన్నాయి.

కాగితం మీద సంతకం పెట్టమని నేనూ అడిగాను. బర్మాలో కుర్రాళ్లను కాల్చేస్తున్నారు, నీ సంతకం ఒక్కటీ ఒక ప్రాణాన్ని నిలబెట్టవచ్చు అన్నాను. ఆ కుర్రాడెవడో నాకేమీ కాడన్నాడు. ఫోర్‌మన్ కాబోతున్న వేళ తవుడుకి అమ్ముడుపోయినవాడని ఫ్యాక్టరీ అంతా పిలిస్తే రేపు ఏ మొహం పెట్టుకుని డ్యూటీకి వెళ్లాలన్నాడు. నేను వినకుండా ఇంకా ఏదో చెబుతుంటే, చాలా నెమ్మదిగా, "ఒకపాలి అమ్మేవు. మళ్లీ కోర్టులో కూడా అమ్ముతావేటి?" అన్నాడు.

నేను లేచి వెళ్లి నల్లబడ్డ దేవుడి దీపం తోమాను.

మర్నాడు టెంపో ఎక్కి గోవింద్‌పూర్ వెళ్లి జోగమ్మను వెంటబెట్టుకుని సాక్చీ కోర్టుకు వెళ్లాను. చెట్టు కింద టైపు కొట్టేవాడు సంగతంతా విని, "మాతాజీ, బచ్చా బేచా?" అని పక్కవాడికి వినపడేలా అడిగాడు. బిడ్డను అమ్మారా అని. వాళ్లిద్దరూ నవ్వుకున్నారు. లోపల నోటరీ నవ్వలేదు. బిడ్డను అమ్మడమూ కొనడమూ నేరం, మీరిద్దరూ నేరం ఒప్పుకుంటూ నాతో ముద్ర వేయించుకుంటున్నారు అన్నాడు. జోగమ్మ హడలిపోయింది. "ఇన్నేళ్లకి జైలుకెళ్లాలేటి పంతులమ్మా? మేడ మీద ఒడియాలు ఎండేసొచ్చేను" అంది.

నేను రంగూన్ మిషన్ స్కూల్లో నేర్చుకున్న ఇంగ్లీషు ఆ పూట అక్కరకొచ్చింది. మాట మాటా నేనే చెప్పి టైపు చేయించాను. ఇది ఆచారమనీ, బిడ్డ ఒక్క పూటైనా కన్నతల్లి ఇల్లు విడవలేదనీ, ఇచ్చింది శేరు తవుడే కానీ వెల కాదనీ. నోటరీ దాన్ని రెండుసార్లు చదివి ముద్ర వేశాడు. నా సంతకం, ఆవిడ వేలిముద్ర. మీ నాన్న అసలు పేరు అందులో పూర్తిగా రాయించాను. అతనికి చెప్పలేదు. రిజిస్టర్డు కవరు ఇవాళే వేశాను.

బయటికొచ్చాక జోగమ్మ, మన కొడుకు ఎందుకు రాలేదని అడిగింది. డ్యూటీ అని చెప్పాను. ఇన్నేళ్ల తర్వాత కూడా 'మన కొడుకు' అంటుంది. మీ మేడమ్‌కు ఇది కూడా చెప్పు.

ఆశీస్సులు. సంపాదించుకున్నావు అనుకుంటున్నాను.

మీ మామ్మ


న్యూఢిల్లీ
8 మార్చి 1989

మామ్మకు,

మీ రిజిస్టర్డు కవరు నిన్న అందింది. విచారణ అంతకు ముందే అయిపోయింది.

లాయరమ్మ అంతా నేను నేర్పినట్టే చేసింది. కుర్చీ పక్కన వేసింది. టీ ఇచ్చింది. గొంతు పెంచలేదు. అతను ధైర్యంగా, నన్ను పోలమ్మ కొన్నది, నూకాలమ్మ కన్నది అని చెప్పాడు. ఈ సంగతి మొదటే ఎందుకు చెప్పలేదని ఆవిడ అడిగింది. ఎవరూ అడగలేదండి అన్నాడు. దీనికి సాక్ష్యం ఏమిటని అడిగితే నన్ను చూపించాడు, అక్కకి తెలుసని.

నన్ను పిలిచారు. ఈ ఆచారం మా ఇంట్లోనే ఉందని చెప్పాను. మొదటి రోజు మీకు తెలుసా అని అడిగింది. తెలియదన్నాను. మరి అతను అమ్మకం మాట ఎత్తింది మీరే ఆ ప్రశ్న అడిగాకనా అంది. అవునన్నాను. అంటే జవాబు మీరే అందించారు కదా అంది. తర్వాత, ఎగతాళి ఏమీ లేకుండా, ఎంతో గౌరవంగా, "జరిగినది చెప్పేవాడు రెండుసార్లూ ఒకేలా చెబుతాడని మీరే కదా మాకు నేర్పారు" అంది.

కాగితం ఇవ్వలేదు.

అతనికి ఆ మాట వరండాలో చెప్పింది నేనే. విని, సరేనక్కా అన్నాడు. అంతే. మర్నాడు వాళ్లుండే గదికి వెళితే లేడు. ఇంకో ఇద్దరితో కలిసి గౌహతి రైలెక్కాడని ఒకడన్నాడు. మళ్లీ కొండలు దాటి బర్మాలోకి పోతారని ఇంకొకడన్నాడు. ఎవరి మాట నిజమో తెలియదు. నా మఫ్లరు మడతపెట్టి మంచం మీద ఉంచాడు.

నిన్న ఆఫీసు మెట్లు దిగుతుంటే చెప్పులు కుట్టే అతను నన్ను ఆపి, అట్ట మళ్లీ ఊడి పోయిన వారం తిరిగొచ్చిన ఆ కాన్వాసు జోళ్లకోసం ఎవరైనా వస్తారా అని అడిగాడు. ఆ రబ్బరు చెప్పులతోనే వెళ్లిపోయాడు మామ్మా.

మీ కాగితం మేడమ్‌కు ఇచ్చాను. ఎంతో ఆసక్తిగా చదివారు. తేలిపోయిన విషయాన్ని మళ్లీ తెరవలేమన్నారు. కానీ వచ్చే నెల కొత్త తరగతిలో ఈ తవుడు సంగతి ఒక పాఠంగా పెడితే చాలా ఉపయోగపడుతుందట. ఆ పాఠం నన్నే చెప్పమన్నారు. నా పనిని మెచ్చుకున్నారు కూడా.

చెప్పనా, మానెయ్యనా? మీరు ఎలా అంటే అలా చేస్తాను.

పైడి


అగ్రికో, జంషెడ్‌పూర్
16 మార్చి 1989

పైడితల్లికి,

నిన్ను ఓదారుస్తానని ఎదురుచూడకు. నాకా విద్య రాదు. వచ్చినా ఇప్పుడు వాడను.

మీ నాన్న ఫోర్‌మన్ అయ్యాడు. ఆదివారం క్వార్టరు నిండా జనం, లడ్డూలు, గులాబ్ జామున్లు. జోగమ్మ కూడా కొత్త చీర కట్టుకుని గోవింద్‌పూర్ నుంచి వచ్చింది. గుమ్మంలో ఇత్తడి ప్లేటును చేత్తో తడిమి చూసింది, ఆవిడకు చదువు రాదు. మీ నాన్న తోటివాళ్లకు ఆవిడను చూపిస్తూ, ఈవిడ జోగమ్మగారు, మా పాత ఇంటి దగ్గర ఉండేవారు అని చెప్పాడు. ఆవిడ ఒక లడ్డూ తింది. రెండోది పెడితే వద్దంది. టెంపో దాకా నేను వెంట వెళ్లాను. మీ నాన్న గురించి ఒక్క మాటా అనలేదు. ఆ బర్మా కుర్రోడికి కాగితం దొరికిందా అని మాత్రం అడిగింది. దొరికిందని చెప్పాను.

పాఠం చెప్పు. మానేస్తే నీ చోట ఇంకొకరు చెబుతారు, వాళ్లకు ఈమాత్రం కూడా తెలియదు. కానీ తవుడు కథ చెప్పకు. అది వింటే అందరూ ముచ్చటపడి రాసుకుంటారు, ఆ తర్వాత వచ్చిన ప్రతివాణ్ణీ నిన్నెవరు కొన్నారని అడుగుతారు. తవుడుకి అమ్ముడుపోయినవాడు ఒక్కడే వచ్చాడు, వెళ్లిపోయాడు. రేపు వచ్చేవాడు ఇంకేదో చెబుతాడు. అది నీకూ తెలియదు, నాకూ తెలియదు. అతను "రెండూనండి" అన్నప్పుడు నీకు అర్థం కాలేదు. అర్థం కాలేదని రాయకుండా, నిలకడగా లేదని రాశావు. పాఠం అదే. నీ పేరు పెట్టి చెప్పు. అతని పేరు ఎలా దాచావో అలా దాచకు.

ఇక పని.

ఈ ఉత్తరం అందిన రోజే ఆ చెప్పులు కుట్టేవాడి దగ్గరికి వెళ్లు. ఎవరూ రాని జోళ్లను వాళ్లు ఎక్కువ రోజులు ఉంచరు, అమ్మేస్తారు. కుట్టినవి నీ ఎదురుగా మళ్లీ లాగి చూడమను. పట్టు లేకపోతే రెండు అట్టలూ మైనం పట్టించిన దారంతో చుట్టూ కుట్టించు. కొండదారికి నిలవాలి. నాడాలు కొత్తవి కొను, తెల్లవి వద్దు. తెచ్చాక పెట్టెలో దాచకు, నీ గదిలో గుమ్మం పక్కన పెట్టు, తలుపు తీయగానే కనపడాలి.

ఎవరివని చెప్పులు కుట్టేవాడు అడిగితే, మా తమ్ముడివి అని చెప్పు. మళ్లీ అడిగితే మళ్లీ అదే చెప్పు.

మామ్మ